నాన్నగారి పేరిట స్క్రబ్ టైఫస్ పరిశోధనకు పది లక్షలు: ఎవరికి, ఎలా ఇవ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ప్రొద్దుటూరులో మీ నాన్నగారు స్క్రబ్ టైఫస్‌తో పోయారు, జబ్బేమిటో తేలేసరికే ఆలస్యమైపోయింది. ఆయన పేరిట పది లక్షలు ఇలాంటి జ్వరాల మీద పరిశోధనకు ఇవ్వాలని ముగ్గురు తోబుట్టువులూ అనుకున్నారు. మీది బట్టల వ్యాపారం, తమ్ముడు కువైట్‌లో ఉద్యోగం, చెల్లెలు అమెరికా పౌరురాలు. కడప ప్రభుత్వ వైద్య కళాశాలకు ఒక మెషిన్ కొనిచ్చి, దాని మీద నాన్నగారి పేరు రాయిస్తే సరిపోతుందా అన్నారు.

మెషిన్ వద్దు. ఎథిక్స్ కమిటీ (అధ్యయనంలో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) అనుమతి వచ్చి, డబ్బుల్లేక నడవని అధ్యయనం ఒకటి చూసుకుని, దానికి కావలసిన మనిషి జీతం, కిట్లు, శాంపిళ్ల రవాణా మీరు భరించండి. పది లక్షలకు అంతకన్నా మంచి వాడకం నాకు కనబడదు.

మెషిన్ ఎందుకు వద్దంటానంటే, కొవిడ్ కాలంలో కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఆర్‌టీపీసీఆర్ ల్యాబులు నడిచాయి. కాబట్టి కొత్తది కొనే ముందు ఉన్నది ఏ స్థితిలో ఉందో అడగాలి. చాలాచోట్ల ఇబ్బంది మెషిన్ లేక కాదు. రీఏజెంట్లు అయిపోతాయి, క్యాలిబ్రేషన్ గడువు దాటిపోతుంది, వారంటీ ముగిశాక మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు డబ్బు పెట్టేవాళ్లుండరు. మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ సంగతే చూడండి. దాతలు ఇష్టంగా కొనిచ్చేది అదే. అది కొంటే సరిపోదు. ఏసీ గది కావాలి, స్టెబిలైజర్ కావాలి, కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ లైన్ కావాలి, ఉష్ణోగ్రత పెరిగితే ఎవరో ఒకరి ఫోన్‌కు మోగే అలారం కావాలి. మన మే నెల ఎండల్లో గది ఏసీ పాడైతే కంప్రెసర్ మీద భారం పడి అదీ పోతుంది. ఒక శనివారం రాత్రి ఫ్రీజర్ ఆగి సోమవారం పొద్దున ఎవరో తలుపు తీస్తే, రెండేళ్ల శాంపిళ్లు బూడిదలో పోసిన పన్నీరే. ఇవన్నీ ఉన్న ల్యాబుకైతే ఫ్రీజర్ ఇవ్వొచ్చు. కానీ ఇవన్నీ ఉన్న ల్యాబుకు ఫ్రీజర్ ఉండనే ఉంటుంది.

ఇక డబ్బు ఏ ప్రశ్న మీద పెట్టాలన్నది. స్క్రబ్ టైఫస్‌కు మూలం ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా. చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడొచ్చు, అందరికీ పడదు. పడినా చంకలోనో, గజ్జల్లోనో, వీపు కిందో ఉంటే కనబడదు. తొలి రోజుల్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి చవక మందుతో తగ్గుతుంది. అందుకే మన జిల్లాలకు పనికొచ్చే ప్రశ్న కొత్త మందు గురించి కాదు. ఆస్పత్రికి వచ్చే జ్వరాల్లో ఎన్ని ఇవి, జ్వరం వచ్చిన ఎన్నో రోజున తేలుతోంది, ఎక్కడ జారిపోతోంది అన్నదే.

దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు, జబ్బు తొలిదశలో పుట్టే ఐజీఎం యాంటీబాడీలను రక్తంలో పట్టే ఐజీఎం ఎలైసా పరీక్ష చాలు. అయితే ఇక్కడ బయటివాళ్లకు తెలియని మెలిక ఒకటుంది. ఎలైసా రీడర్ అవును, కాదు అని చెప్పదు, రంగు ఎంత ముదిరిందో చెప్పే ఓడీ అనే అంకె ఇస్తుంది. ఎంత దాటితే పాజిటివ్ అనాలో కటాఫ్ మనం తేల్చుకోవాలి. చిగ్గర్లు తిరిగే ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో కూడా ఎప్పటివో యాంటీబాడీలు కొంత ఉంటాయి. వేరే రాష్ట్రంలో తేల్చిన కటాఫ్ తెచ్చి ఇక్కడ వాడితే, అది తక్కువైతే డెంగీ, టైఫాయిడ్ జ్వరాలు కూడా ఈ ఖాతాలో పడతాయి, ఎక్కువైతే అసలు కేసులు తప్పిపోతాయి. కాబట్టి మొదటి పని ఏమిటంటే, అదే జిల్లాలో జ్వరం లేని ఆరోగ్యవంతులు తొంభై మంది దగ్గర, వాళ్ల సమ్మతితో, రక్తం తీసుకుని ఒక పూర్తి ప్లేటు (ఒకేసారి సుమారు తొంభై పరీక్షలు పట్టే పలక) నడపడం. వాళ్ల సగటు ఓడీకి మూడు స్టాండర్డ్ డీవియేషన్లు (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) కలిపి కటాఫ్ పెట్టుకోవడం మామూలు పద్ధతి. ఈ ఒక్క ప్లేటు ఖర్చు ఎగ్గొట్టిన అధ్యయనాన్ని మంచి జర్నల్ వెనక్కి తిప్పి పంపుతుంది. విభాగంవాళ్లను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: కటాఫ్ ఎలా తేలుస్తారు? జవాబు నీళ్లు నములుతూ వస్తే అక్కడే ఆగండి. వీల్-ఫెలిక్స్ పరీక్షతోనే సరిపెడతామంటే అసలే వద్దు. అది పాత పరీక్ష, చాలా కేసులను వదిలేస్తుంది.

రెండో మెలిక రెండో రక్తం. ఐజీఎం కనబడడానికి జ్వరం మొదలై ఐదు రోజులైనా పట్టొచ్చు. మూడో రోజు వచ్చిన రోగికి నెగెటివ్ వచ్చిందంటే జబ్బు లేదని కాదు. రెండు వారాలకు మళ్లీ రక్తం తీసి, యాంటీబాడీలు పెరిగాయో లేదో చూస్తేనే తేలుతుంది. అప్పటికి రోగి ఇంటికెళ్లిపోయి పొలం పనిలో ఉంటాడు. జ్వరం తగ్గినవాడు రక్తం ఇవ్వడానికి చాపాడు నుంచో మైదుకూరు నుంచో కడపకు బస్సెక్కి రాడు. మనమే వెళ్లాలి. వెళ్లాలంటే బండి, పెట్రోలు, ఐస్‌బాక్సు, ముఖ్యంగా జీతం తీసుకునే మనిషి కావాలి. పీజీ విద్యార్థి వార్డు డ్యూటీ వదిలి ఊళ్లు తిరగలేడు. సర్కారీ కళాశాలల్లో జ్వరాల అధ్యయనాలు సగంలో చతికిలపడేది ఇక్కడే. మీ డబ్బుకు అసలు పని ఇక్కడే ఉంది.

పది లక్షలు పద్దెనిమిది నెలలకు ఎలా సర్దొచ్చో చూడండి. ఇవి ఒక ఊహకు వేసిన అంకెలు, కొటేషన్లు వచ్చాక మారతాయి. ఫీల్డ్ మనిషికి నెలకు 20,000 చొప్పున 3,60,000. ఎలైసా కిట్లు ఆరింటికి 2,40,000 పక్కన పెట్టండి. కిట్‌కు ఒక ప్లేటు, ప్లేటుకు 96 గుంటలు, కంట్రోళ్లకు (పరీక్ష సరిగా నడిచిందో చూసే నమూనాలకు) పోగా సుమారు 90 మిగులుతాయి. ఆరు ప్లేట్లకు 540, కటాఫ్‌కు ఒకటి, రిపీట్లకు కొంత తీసేస్తే దాదాపు 400 పరీక్షలు. రెండు రక్తాలు లెక్కేస్తే 200 మంది రోగులు. ట్యూబులు, గ్లవ్స్, టిప్పులు, క్రయోవయల్స్‌కు 60,000. పెట్రోలు, ఐస్‌ప్యాకులు, కన్ఫర్మేషన్ కోసం వేరే ల్యాబుకు పంపే శాంపిళ్ల డ్రై ఐస్ కొరియర్ కలిపి 70,000. డేటా ఎంట్రీ, స్టాటిస్టిషియన్‌కు 60,000. రోగుల ప్రయాణ ఖర్చులు, ఎథిక్స్ కమిటీ ఫీజుకు 50,000. ప్రచురణకు, ఫలితాలను పీహెచ్‌సీ డాక్టర్లకు తెలుగులో చేర్చడానికి 40,000. సంస్థ ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చు) 5 శాతం, అంటే 50,000. మిగిలిన 70,000 అనుకోని ఖర్చులకు. ఓవర్‌హెడ్ అడిగితే నొచ్చుకోకండి, లెక్కలు రాసే గుమస్తాకూ జీతం కావాలి. 10 శాతం దాటితే మాత్రం దేనికని అడగండి.

ఫుల్‌టైమ్ రీసెర్చ్ ఫెలోను పెట్టాలంటే ఈ డబ్బు చాలదు. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్) స్టైపెండే నెలకు 37,000, ఏడాదికి 4,44,000, ఇంటద్దె భత్యం అదనం. అందుకే ఫీల్డ్ మనిషి, పీజీ విద్యార్థి థీసిస్ జోడీ మీకు గిట్టుబాటు. ఎండీ విద్యార్థులు థీసిస్ ఎలాగూ చేయాలి, గైడుంటారు, జీతం మీరివ్వక్కర్లేదు. కిట్ల ఖర్చు జేబులోంచి పెట్టుకోలేక చాలామంది కేస్‌షీట్లు తిరగేసి సరిపెడుతుంటారు.

కిట్లన్నీ ఒకేసారి కొననివ్వకండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడువు తేదీ ఉంటుంది. మార్చి 31లోపు డబ్బు ఖర్చు చూపాలని ఆరూ కొనేస్తే, సీజన్ వచ్చేసరికి సగం పారేయాలి. రెండు విడతలుగా కొని, రెండో లాట్ (వేరే తయారీ విడత) వచ్చినప్పుడు పాత శాంపిళ్లు కొన్ని మళ్లీ నడిపి సరిచూడమనండి. లాట్‌కూ లాట్‌కూ తేడా వస్తుంది.

డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వడ్డీతో ఏటా ఏదైనా చేయిద్దామని బంధువులు చెబుతారు. 7 శాతం వేసుకున్నా ఏడాదికి 70,000. దాంతో ఒకటి రెండు థీసిస్‌ల కిట్లు వస్తాయి, ఊళ్లు తిరిగే మనిషి రాడు. ధరలు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. పేరు శాశ్వతంగా ఉండాలన్నదే కోరికైతే అలా చేయండి. జ్వరాల లెక్క తేలాలన్నది కోరికైతే ఖర్చు పెట్టేయండి.

ఎవరికి ఇవ్వాలి? కడప ప్రభుత్వ వైద్య కళాశాల (రిమ్స్)లో మైక్రోబయాలజీ, జనరల్ మెడిసిన్ విభాగాలు కలిసి చేస్తామంటే అదే మొదటి ఎంపిక, రోగులు ఉండేది అక్కడే. ఒక్క మైక్రోబయాలజీయే అయితే వార్డులో రోగిని గుర్తుపట్టి సమ్మతి తీసుకునేవాళ్లుండరు. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది, పీజీ సీట్లు ఎక్కువ. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) ఆస్పత్రి ఉంది. అక్కడి హెచ్‌ఐవీ రోగుల కోహార్ట్ (ఏళ్ల తరబడి గమనించే రోగుల బృందం) మీద అంతర్జాతీయ జర్నళ్లలో పత్రాలు వచ్చాయి. మన ప్రాంతంలో రోగుల డేటాను క్రమంగా నమోదు చేసి ప్రచురించిన అనుభవం ఉన్న చోటు. మీ ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉందని మరవకండి. చిగ్గర్లు ఎలుకల చెవుల్లో పట్టుకుని ఉంటాయి. ఏ ఊళ్ల ఎలుకల మీద ఎన్నున్నాయో చూసే పని వైద్య కళాశాల చేయదు, జంతు ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇలాంటి చోటే జరగాలి. లక్షన్నర అటు కేటాయించినా తప్పులేదు.

వెల్లూరు సీఎంసీకి ఇద్దామని మీ చెల్లెలు అన్నారని రాశారు. మంచి చోటే. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సెలైన్‌లో ఇస్తే ఏ ఒక్కదానికన్నా మేలని తేల్చిన ట్రయల్‌కు నాయకత్వం వాళ్లదే. దేశంలో ఏడు ఆస్పత్రులు, దాదాపు 800 మంది రోగులు, 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దానికి డబ్బిచ్చినవాళ్లలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే, హైదరాబాద్‌లో కార్యాలయమున్న ఇండియా అలయన్స్ ఉంది. అయితే అంత పెద్ద ట్రయల్‌లో మీ పది లక్షలు కొలిమిలో మిణుగురు. కడప జిల్లా కటాఫ్, కడప జిల్లా లెక్క తేలాలంటే కడపలోనే పెట్టాలి. చిన్న మొత్తాలు ఏం చేస్తాయని కూడా అనుకోకండి. అమెరికాలో 1938లో మొదలైన మార్చ్ ఆఫ్ డైమ్స్‌కు జనం పోస్టులో పంపిన పది సెంట్ల నాణేలే పోగై, 1954లో సాక్ పోలియో టీకా ట్రయల్‌ను నడిపించాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌కు వెళ్లడంలో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం ఉంది. తర్వాత ఆయన బృందం నుంచే ఫైలేరియా మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చాయి.

ఇక కాగితాలు. నాలుగు చూడకుండా చెక్కు రాయకండి. ఒకటి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉత్తరం. అందులో ప్రాజెక్టు పేరు, తేదీ, గడువు ఉంటాయి. ఆ కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ (డీహెచ్‌ఆర్) దగ్గర నమోదై ఉండాలి, మందుల ట్రయల్ అయితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీఓ) దగ్గర. అనుమతి రాకముందే రక్తాలు తీశామంటే ఆ డేటా ఎక్కడా చెల్లదు. రెండు, ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు పట్టిక) నంబరు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మూడు, రెండు పేజీల ప్రోటోకాల్ సారాంశం, అందులో శాంపిల్ సైజు ఎలా లెక్కేశారో ఉండాలి. నాలుగు, డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ప్రిన్సిపల్ సంతకంతో ఉత్తరం. డాక్టరు గారి సొంత ఖాతాకు ఎంత మంచివారైనా వద్దు. ట్రెజరీ పద్దులో జమైనా చిక్కే, ప్రతి ప్లేటుకూ బిల్లు పెట్టి రాబట్టుకోవాలి. కళాశాల పరిశోధన ఖాతా గానీ, రిజిస్టరైన సొసైటీ గానీ ఉండాలి.

ఒప్పందం పెద్ద దస్తావేజు అక్కర్లేదు, రెండు పేజీలు చాలు. 40, 40, 20 శాతం చొప్పున మూడు విడతలు. మొదటిదాన్ని దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల పట్టిక వచ్చాకే రెండోది. మిగిలిన డబ్బు ఏమవుతుందో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రధాన పరిశోధకుడు బదిలీ అయితే ఏమిటన్న క్లాజు. ప్రభుత్వ కళాశాలల్లో బదిలీలు మామూలే, పీజీ మూడేళ్లకు వెళ్లిపోతాడు. అందుకే రెండు విభాగాల నుంచి ఇద్దరు కో-ఇన్వెస్టిగేటర్ల పేర్లు మొదటిరోజే ఉండాలి. మీ వైపు నుంచి కూడా ఒక మాట రాసివ్వండి: రోగుల పేర్లు అడగం, ఫలితం ఏదైనా ప్రచురణ ఆపం. నాన్నగారి పేరు పత్రం చివర నిధుల వివరాల్లో వస్తుంది, అది శిలాఫలకం కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

పన్ను సంగతి. ఇక్కడ 1961 చట్టం నంబర్లు వాడుతున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చి నంబర్లు మారాయి, మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ విరాళానికి ఏ మినహాయింపూ లేదు, అక్కడితో సరి. పాత విధానంలో ఉంటే, శాస్త్ర పరిశోధనకు సెక్షన్ 35(1)(ఐఐ) కింద ఆమోదం పొందిన సంస్థకు వ్యాపారి ఇచ్చినది పన్ను లెక్కేసే ఆదాయంలోంచి 100 శాతం తగ్గుతుంది. వ్యాపార ఆదాయం లేనివాళ్లకు అదే మినహాయింపు సెక్షన్ 80జీజీఏ కింద వస్తుంది. కళాశాలకు ఆ ఆమోదం ఉందనుకోవద్దు, గెజిట్ నోటిఫికేషన్ అడగండి. అది లేక, మామూలు విరాళాలకు వర్తించే 80జీ ఆమోదం మాత్రమే ఉంటే చాలామంది లెక్క తప్పుతారు. ఇతర మినహాయింపులు పోగా మీ ఆదాయం 12 లక్షలనుకోండి. 5 లక్షలు ఇచ్చినా లెక్కలోకి వచ్చేది ఆ ఆదాయంలో 10 శాతం, 1,20,000. దానిలో సగం, 60,000 మాత్రమే తగ్గుతుంది. మిగిలింది వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం ఉండదు. విడతలను రెండు మూడు ఆర్థిక సంవత్సరాల్లో పడేట్టు పెట్టుకుంటే కొంత మేలు. నగదు 2,000 దాటితే చెల్లదు. ఉత్త రసీదు కూడా చాలదు, సంస్థ మే 31లోపు విరాళాల వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి మీకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి.

పది లక్షలకు రసీదిచ్చి కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కిస్తామని పరిశోధన సంస్థల పేరుతో ఏజెంట్లు తిరుగుతుంటారు. ఆదాయపు పన్ను శాఖ అలాంటి దాతల పాత రిటర్నులు కూడా తిరిగి తెరిచింది. గుమ్మంలోంచే పంపేయండి.

తమ్ముడిది భారతీయ పాస్‌పోర్టు అయితే చిక్కు లేదు. తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, పాస్‌పోర్టు కాపీ సంస్థకు ఇస్తే చాలు. చెల్లెలి సంగతి వేరు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా ఆమె విదేశీ పౌరురాలే, రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. తీసుకునే సంస్థకు ఆ రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. ఆమె డబ్బు మీ ఖాతాలో వేయించుకుని మీ పేరుతో ఇవ్వడం దొడ్డిదారి, సంస్థ మెడకు చుట్టుకుంటుంది. ఆమె వాటాను వెల్లూరు సీఎంసీకి అమెరికాలో ఉన్న ఫౌండేషన్‌కు అక్కడే ఇవ్వమనండి. ఆవిడ కోరికా తీరుతుంది, అక్కడి పన్ను లెక్కకూ పనికొస్తుంది. కడప అధ్యయనం మీరిద్దరూ భరించండి. మొత్తం తగ్గితే రోగుల సంఖ్య తగ్గించుకోవచ్చు గానీ, కటాఫ్ ప్లేటు, రెండో రక్తం మాత్రం తీసేయనివ్వకండి.

ఇప్పుడు చేయాల్సింది మైక్రోబయాలజీ విభాగాధిపతికి, ప్రిన్సిపల్‌కు కాపీతో, ఒక పేజీ ఉత్తరం. ఎథిక్స్ అనుమతి ఉండి ఆగిపోయిన జ్వరాల అధ్యయనం ఉందా, ఎవరెవరు చేస్తున్నారు, ఇంకా ఎన్ని శాంపిళ్లు కావాలి, ఏ ఖాతా అని అడగండి. అనుమతి ఇంకా లేదంటే కమిటీ తర్వాతి సమావేశం ఎప్పుడో కనుక్కోండి, నెలల తరబడి పట్టడం కొత్తేం కాదు. ఉత్తరం వేసవి మొదట్లోనే పెట్టండి. వానలు పడ్డాక కేసులు పెరుగుతాయి. ఆలోగా మనిషిని పెట్టుకుని, శిక్షణ ఇచ్చి, ఆరోగ్యవంతుల ప్లేటు పూర్తి చేసుకోకపోతే ఆ సీజన్ పోయినట్టే, ఇంకో ఏడాది ఆగాలి.